ముఖము ఎఱ్ఱబడుటను గూర్చి

మనుష్యుని యవయవములలో ముఖము విచిత్రమైనది. తక్కిన దేహమును బట్టలతో కప్పుకొందుము గాని ముఖమును కప్పుకొనము. అందఱును దానిని చూతురు. దానిని మోయువాడు మాత్రము అద్దము లేక చూచుకొనలేడు. అందుచేత మన ముఖమున నేమి జరుగుచున్నదో మనకంటె ముందుగా ఎదుటివారికే తెలియును. దానికి అర్థమును గూడ వారే చెప్పుదురు. ముఖము జేవురించిన కోపమందురు. బుగ్గలు కెంపెక్కిన సిగ్గందురు. కందగడ్డవలె నైనచో అవమానమందురు. ఈ పలుకుబడులు చక్కనివే. కాని పలుకుబడి వేఱు, తీర్పు వేఱు. గుమ్మడికాయల దొంగ యనగానే భుజములు తడుముకొన్నవాడే దొంగ యని మనకు సామెత కలదు. దానిని నమ్మి తీర్పు చెప్పువాడు, తన భుజమున బూడిద యేమైన అంటినదేమో యని నిర్దోషియు తడిమి చూచుకొనవచ్చునను సంగతి మఱచుచున్నాడు.

ఎండలో పరుగెత్తినప్పుడు, పొయ్యియొద్ద నిలిచినప్పుడు, పదిమంది యెదుట మాటలాడవలసి వచ్చినప్పుడు కొందఱికి ముఖము, చెవులు, మెడ ఒక్కసారిగా వేడెక్కి యెఱ్ఱబడును. బడిపిల్లలలో ఇది మిక్కిలి సామాన్యము. ఈ యెఱుపు దేహము చేయు పనికి గుఱుతే గాని నేరమునకు గాని పిఱికితనమునకు గాని సాక్ష్యము కాదని నా యభిప్రాయము. దానిని సాక్ష్యముగా గైకొనుట పాఠశాలలలోను ఇండ్లలోను పిల్లలకు జరుగుచున్న అన్యాయములలో నొకటి.

దేహధర్మములను తెలుగున చెప్పుట మన యూరికి క్రొత్త గాదు. నడిగూడెము మునగాల సంస్థానమునకు ముఖ్యస్థానముగా నున్న దినములలో దివానుగా నుండిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1906 లో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా మండలి స్థాపకులలో ముఖ్యులు. ఆ మండలి చరిత్రములతోబాటు ప్రకృతిశాస్త్రములను గూడ తెలుగు పుస్తకములుగా వెలువరించెను. కావున ఇచ్చట కొంచెము శాస్త్రము చెప్పినచో చదువరులు విసుగుకొనరని తలంచెదను.

మన దేహపు లోపలి వేడి సుమారు 37 సెంటిగ్రేడు డిగ్రీలు. అది కొద్దిగా హెచ్చినను మెదడునకు తెలియును. పరుగులోనో ఆటలోనో కండరములు పనిచేయునప్పుడు, అవి వాడుకొను శక్తిలో సుమారు నాలుగవ వంతు మాత్రమే పనిగా మాఱును, మిగిలినదంతయు వేడియగును. ఆ వేడిని బయటికి పంపుటకై చర్మములోని సన్నని రక్తనాళములు వెడల్పగును. ఊరక కూర్చున్నవాని చర్మమంతటిలో నిమిషమునకు అరలీటరునకు లోపుగా ప్రవహించు రక్తము, గొప్ప వేడిమిలో 6 మొదలు 8 లీటర్ల వఱకు పెరుగగలదు. ముఖమునందు ఈ నాళములు దట్టముగాను పైచర్మమునకు చేరువగాను ఉన్నవి. అందుచేతనే తక్కిన చోట్లకంటె అక్కడ ముందుగా రంగు మాఱును. ఇది వ్యాధి కాదు. ఇంటిలో వేడి హెచ్చినప్పుడు కిటికీలు తెఱచుటవంటిది.

వేసవిలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో ఎండ 42 డిగ్రీలను దాటుట మనకు వింత గాదు. గాలియే దేహముకంటె వేడిగా నున్నప్పుడు రక్తము చర్మమునకు వచ్చినంత మాత్రమున చల్లబడదు. చెమట యారుట యొక్కటే గతి. గాలిలో తేమ హెచ్చుగా నున్నచో ఆ చెమటయు త్వరగా ఆరదు. సాగరు ఎడమ కాలువ క్రింద నాట్లు వేయు స్త్రీలకును, మిర్యాలగూడ బియ్యపు మిల్లులలో ఉప్పుడు బియ్యమునకై ధాన్యము నుడికించు బాయిలర్లయొద్ద పనిచేయు వారికిని ఈ సంగతి పుస్తకము లేకయే తెలియును. సాయంకాలము ఇల్లు చేరిన వారి ముఖములను చూచి సిగ్గుపడిరనిగాని కోపించిరనిగాని ఎవరును అనరు. ఎండ తగిలినదందురు. బడిలోని పిల్లవానికి మాత్రము ఈ న్యాయము చెల్లదు!

మిరపకాయ సంగతియు ఇచ్చట చెప్పవలసినదే. క్రొత్తావకాయ కలుపుకొని నాలుగు ముద్దలు తినగానే నుదుట చెమటయు బుగ్గల నెఱుపును కలుగుట ఎఱుగనివారు మన దేశమున అరుదు. నిప్పు సోకినను కారము తగిలినను మన భాషలో ఒక్కటే మాట: మండుచున్నదందుము. ఈ యేకత్వము మాటలో మాత్రమే గాదు. అమెరికా దేశమున డేవిడ్ జూలియస్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును, మిరపకారమును గ్రహించు నాడీద్వార మేదియో 1997 లో కనుగొనిరి. సుమారు 43 డిగ్రీలు మించిన వేడికిని ఆ ద్వారమే తెఱచుకొనునని తేలినది. ఈ శోధనలకు ఆయన 2021 లో నోబెల్ బహుమానమును మఱియొకరితో కలిసి పొందెను. అనగా కారము తిన్నవాని దేహము తాను కాలుచున్నానని భ్రమపడి, చల్లబఱచు ప్రయత్నమును నిజముగానే ఆరంభించుచున్నది. ముఖపు రంగు మాటలాడునని నమ్మువారు, ఆ ముఖము సొంత దేహమునే ఇట్లు మోసగింపగలదని జ్ఞాపకముంచుకొనవలెను.

ఇక మనస్సు విషయము. భయము, సంకోచము, కోపము, ఆకస్మికమైన సంతోషము, వీనిలో ఏది కలిగినను మన యిచ్ఛకు లోబడని నాడీమండలము ముఖమునందలి రక్తనాళములను మార్చును. చేయి యెత్తవలెనన్న ఎత్తగలము. బుగ్గ నెఱ్ఱబఱచుకొనవలెనన్న బఱచుకొనలేము, ఎఱ్ఱబడుచున్న దానిని ఆపనులేము. 1839 లో ఇంగ్లండున థామస్ బర్జెస్ అను వైద్యుడు దీనిని గూర్చి ఒక గ్రంథమే ప్రకటించెను. మనుష్యుడు లోపల పడు నైతికమైన లజ్జ చెంపలపై బయలుపడునట్లు సృష్టికర్తయే యేర్పఱచెనని యాతని మతము. చార్లెస్ డార్విన్ 1872 లో మనుష్యులును జంతువులును భావములను వెల్లడించు విధములను గూర్చి వ్రాసిన గ్రంథమున ఒక అధ్యాయమును ఈ విషయమునకే విడిచి, బర్జెసు మతమును నిరాకరించెను. చేసిన తప్పు కాదు, ఇతరులు తన్ను తప్పు చేసినవానిగా నెంచుచున్నారను తలంపే ముఖము నెఱ్ఱబఱచునని డార్విను వాదము. అట్లయినచో నిందింపబడిన నిర్దోషికే ముందుగా ముఖ మెఱ్ఱబడవచ్చును. అలవాటు పడిన దొంగ చల్లగా కూర్చుండవచ్చును.

నేను క్రైస్తవుడను. సృష్టికర్తను నమ్మినవాడను. అయినను ఈ విషయమున బర్జెసుతో ఏకీభవింపజాలను. దేవుడు మనస్సాక్షిని లోపల నుంచెను గాని, ఉపాధ్యాయుడు చదువుకొనుటకై చెంపమీద పలకగా వ్రేలాడదీయలేదు.

బర్జెసు తన గ్రంథమున ఒక నల్లజాతి స్త్రీని గూర్చి చెప్పినదానిని డార్విను ఎత్తి చూపెను. ఆమె ముఖమున ఒక గాయపు మచ్చ యుండెను. ఎవరైన ఆమెతో గద్దించి మాటలాడినను, ఏదేని చిన్న తప్పు మోపినను ఆ మచ్చ యెఱ్ఱబడుచుండెను. మచ్చ లేనిచో ఎవరికిని తెలియకుండెడిది. మన తరగతులలో గోధుమవన్నెవారు, చామనచాయవారు, నల్లనివారు, కొద్దిమంది పచ్చని దబ్బపండువంటివారు కలసి కూర్చుందురు. వేడి అందఱికిని ఎక్కును. నలుగురికి మాత్రమే పైకి కనబడును. కనబడినవాడు నిందకు గుఱియగును. కనబడనివాడు మైదానమున సొమ్మసిల్లుదాక ఎవరి దృష్టికిని రాడు. ఈ రెండవ సంగతియే నన్ను ఎక్కువగా కలవరపెట్టుచున్నది.

మఱియొక యుదాహరణము. 1988 లో ఆస్ట్రేలియా వైద్యులు కొందఱు రోగులను వర్ణించిరి. ముఖమున నొక ప్రక్కకు పోవు నాడులు చెడినందున, ఎండలోనో వ్యాయామములోనో వారికి రెండవ ప్రక్క మాత్రమే ఎఱ్ఱబడి చెమర్చును. చెడిన సగము రంగు మాఱక యుండును. ఎఱుపే నేరమునకు సాక్ష్యమైనచో వారు సగము దొంగలు, సగము దొరలు కావలసి వచ్చును.

ఇట్లు చెప్పిన నవ్వు వచ్చును గాని, తరగతిలో కలము పోయినప్పుడు పిల్లల నందఱిని నిలువబెట్టి ముఖములను వరుసగా చూచుకొని పోవు పద్ధతి నేటికిని కొన్నిచోట్ల చెల్లుచున్నది. నాకు పదునాఱేండ్ల బోధనానుభవము కలదు. ఈ పద్ధతివలన కలము దొరకిన సందర్భము నేనెఱుగను. ఒక బాలుడు వారము దినములు బడికి రాకుండుట ఎఱుగుదును. ఇంటిలో తండ్రి "నా కన్నులలోనికి చూచి చెప్పుము" అని గద్దించుటయు ఇట్టిదే. అట్లు చూచి చెప్పగానే ఏ పిల్లవానికైన ముఖము మాఱును. విచారింపవలసినవి ఎవరెక్కడ నుండిరి, ఎవరేమి చూచిరి యనునవి గాని బుగ్గలు కావు.

నేనెఱిగిన యొక బాలిక (ఏ యూరిదో చెప్పను) ఎనిమిదవ తరగతిలో నుండగా పద్యములను మిక్కిలి శ్రావ్యముగా చదువుచుండెను. వేదికయెక్కిన దినమున ముఖ మెఱ్ఱబడినది. తోడి పిల్లలు ఆమెకు టమాటా యని పేరు పెట్టిరి. పెట్టినవారు నెల తిరుగకముందే మఱచిరి. ఆమె మఱవలేదు. ఆ మీద వార్షికోత్సవము వచ్చినప్పుడెల్ల కడుపునొప్పి వచ్చెడిది. పిదప ఖోఖో మానినది, పిదప తరగతిలో చేయి యెత్తుట మానినది. చదువు రానిది కాదు, కంఠము లేనిది కాదు. ఎఱ్ఱబడుదునేమో యను భయమే ఆమెను వెనుక బల్లకు చేర్చినది. ఆ భయము విచిత్రమైనది. ఎఱుపు వచ్చునేమో యని ఎదురుచూచుటయే ఎఱుపును తెచ్చును. "అదిగో, నీ ముఖ మెఱ్ఱబడుచున్నది" అని ఎదుటివారు చెప్పినచో అది మఱింత హెచ్చును. కావున వేళాకోళమునకు అన్నమాటయు, ఓదార్పునకు అన్నమాటయు ఒకే కీడు చేయును. అట్టివేళ ఏమియు అనక, వారు చెప్పుచున్న విషయమును వినుటయే మేలు.

ఈ బాధ గల విద్యార్థులారా, మీతో కొన్ని మాటలు. ఎఱుపుతో పోరాడకుడు; మీరు ఆపిన అది ఆగదు. వచ్చి, కొన్ని నిమిషములుండి, తనంతట పోవును. అంతవఱకు చెప్పుచున్నది చెప్పుచునే యుండుడు. మీకు చెంపలు నిప్పులవలె తోచుచున్నప్పుడును వెనుక బల్లలవారికి అంతగా కనబడదు. మీ దృష్టిని ముఖముమీదినుండి తీసి, ఎదుట నున్న యొక శ్రోతమీదనో తరువాతి వాక్యముమీదనో నిలుపుడు. వేదిక యెక్కుటకు ముందు ఊపిరిని నెమ్మదిగా పీల్చి, పీల్చినదానికంటె ఎక్కువ సేపు విడువుడు; చన్నీళ్లు పుక్కిట నుంచుకొనుడు; మెడపై తడిగుడ్డ వేసికొనుడు. మొదట ఇద్దఱి యెదుట, పిదప ఐదుగురి యెదుట, పిదప తరగతి యెదుట చదువుడు. తప్పించుకొన్న ప్రతిసారియు భయము పెరుగును. నిలిచిన ప్రతిసారియు కొంచెము తఱుగును. భయము బలమై చదువునకే అడ్డమగుచున్నచో మనోవైద్యమున దీనికి మంచి శిక్షణ గలదు. దానికై పోవుట పిచ్చివారి లక్షణమని యెంచు అజ్ఞానమును తలిదండ్రులు విడువవలెను.

ఆటలను మాత్రము మానవలదు. వేసవి ఆరంభమున ఒకటి రెండు వారములు శ్రమను కొంచెము కొంచెముగా పెంచుకొని పోయినచో దేహము వేడికి అలవాటుపడి త్వరగా చెమర్చ నేర్చుకొనును. ఉదయపు చల్లదనము, వదులైన నూలుబట్ట, తలకు టోపీయో తువ్వాలో, నడుమ నడుమ నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ, ఇవి చాలును. ఒడలు వేడి చేసినదని మన అవ్వలు సబ్జాగింజలు నానబెట్టి యిత్తురు. దానివలన చెఱుపు లేదు, నీళ్లు త్రాగినట్లును అగును. ఆట ముగియగానే ధబాలున కూర్చుండక కొంతసేపు నడువవలెను.

అయితే ఎఱుపు వేఱు, వడదెబ్బ వేఱు. ఆటలో ముఖ మెఱ్ఱబడినను తెలివిగా మాటలాడుచున్న పిల్లవానికి నీడయు నీళ్లును చాలును. కాళ్లు తడబడుట, వాంతి, పొంతన లేని మాటలు, మగత, మూర్ఛ, వీనిలో ఏది కనబడినను ఆలస్యము చేయరాదు. నీడకు చేర్చి, ఒంటిమీద విరివిగా నీళ్లు పోసి, విసరుచునే 108 కు టెలిఫోను చేయవలెను. చెమట పోయుచున్నది గనుక వడదెబ్బ కాదనుకొనరాదు. పరుగెత్తి పడినవానికి చెమట పోయుచునే యుండవచ్చును. స్మృతి తప్పినవాని నోట నీళ్లు పోయరాదు. నల్లని పిల్లల ముఖమున ఏ గుఱుతును కనబడదు గనుక, ఉపాధ్యాయుడు దూరమునుండి చూచుట చాలదు. దగ్గఱకు పోయి పలుకరింపవలెను. ఎఱుపుతోబాటు ఒడలెల్ల దద్దురులు లేచి ఊపిరి యాడకున్నచో అదియు ప్రాణాపాయమే; వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.

ఇప్పుడు తలిదండ్రులకు, ముఖ్యముగా ఆడపిల్లల తల్లులకు ఒక మనవి. ముఖము తెల్లబడునని మందుల దుకాణములలో కొని పూయుచున్న క్రీములు కొన్నిటిలో స్టెరాయిడు మందు కలదు. పూసిన క్రొత్తలో అది రక్తనాళములను ముడుచుకొనజేయును, ముఖము తేటపడినట్లుండును, ఇరుగుపొరుగువారు మెచ్చుకొందురు. నెలల తరబడి పూసినచో చర్మము పలుచనై, నాళములు పైకి తేలి, ఎండ సోకగానే ముఖము మండి యెఱ్ఱబడును. మానినచో ఎఱుపును మంటయు ఇనుమడించును. ఆ బాధకు తాళలేక మరల అదే పూయుదురు. ఇట్లొక వలలో చిక్కుకొందురు. వైద్యుని చీటీ లేకుండ ఇట్టి లేపనములను అమ్మకుండుటకై భారత ప్రభుత్వము 2018 లో నిబంధనలను కఠినము చేసినది గాని, పొరుగింటివారు చెప్పిరని పేరడిగి కొనుట నేటికిని నిలువలేదు. ఎండలో నిలువలేకున్న యొక బాలికకు అసలు కారణము ఆమె సంచిలోని చిన్న గొట్టమని తెలిసినప్పుడు, నాకు ఆమెమీద కోపము రాలేదు. నలుపును తక్కువగా చూచు మన యిండ్లమీద వచ్చినది. అట్టి క్రీము వాడుచున్నవారు దాచిపెట్టక, ఆ గొట్టమునే తీసికొనిపోయి చర్మవైద్యునికి చూపవలెను.

ఎఱుపు వచ్చి పోవుటకు మాఱుగా చెంపలమీద నిలిచిపోయినను, చిన్న పొక్కులు లేచినను, కన్నులలో ఇసుక పడినట్లున్నను అది రోజేషియా యను చర్మవ్యాధి కావచ్చును. నల్లని చర్మమున దీనిని వైద్యులే కొన్నిసార్లు పోల్చుకొనలేరు, మొటిమలనుకొందురు. దానికి మందులు గలవు. ఒక ప్రక్క మాత్రమే ఎఱ్ఱబడుట క్రొత్తగా మొదలైనచో వైద్యునికి చూపవలెను. రక్తపుపోటునకు వాడు ఆమ్లోడిపిన్ వంటి మాత్రలవలనను పెద్దలలో కొందఱికి ముఖము వేడెక్కును. అట్లని తామే మాత్రలు మానరాదు, వైద్యు నడుగవలెను. నలువదియైదేండ్లు దాటిన తల్లులకు ముట్లు ఆగు కాలమున, చల్లని వేళను గూడ ఉన్నట్టుండి ముఖమునకు ఆవిరి యెగసినట్లగును. వంటయింటిలో ఆమె కొంగుతో ముఖము విసరుకొనుచున్నప్పుడు "ఊరక చిరాకుపడుచున్నది" అని నవ్వు పురుషులు, ఆమెను పొయ్యియొద్దనుండి లేపి ఆ పది నిమిషములు తాము గరిటె త్రిప్పినచో మేలు.

మన పాఠశాలను గూర్చి నాకు రెండు కోరికలు గలవు. మార్చి నడిమినుండి ఒంటిపూట బడులు ఆరంభమగును. ఆ దినములలో డ్రిల్లును చివరి గంటనుండి మొదటి గంటకు మార్పవలెను. అది మార్చుటకు గంట కొట్టువాని యనుమతి తప్ప ఖర్చేమియు లేదు. రెండవది వార్షికోత్సవమును గూర్చినది. వేదిక వెనుక ఒక మంచినీళ్ల కుండయు, ఒక ఫ్యానును ఉంచవలెను. నాటకమున పాత్రలు ధరించు పిల్లల చెంపలకు పూయు రంగును కొంత తగ్గించినను లోటుండదు. ఆ దీపముల క్రింద వారి సొంత రంగే కావలసినంత వచ్చును.